జిగురు అక్కర్లేని రోబో

మొన్న ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని కొత్త రోబో కిట్టు కవరు చింపాను. గుప్పున ప్లాస్టిక్ వాసన వచ్చింది. సెలైన్ సెట్టు కవరు చింపినా అచ్చం ఇదే వాసన. ఏళ్ల తరబడి నర్సు ఉద్యోగం చేస్తున్నదాన్ని కదా, ఆ వాసన తగిలితే చాలు, ఇల్లో ఆసుపత్రో చూసుకోకుండా నా వీపు నిటారుగా అయిపోతుంది. అరచేతిలో పట్టేంత రోబో అది. గుండ్రటి తల, రెండు పెద్ద కళ్లు, చిట్టి కాళ్లు. ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ ఫ్రేముకు అతుక్కుని ఉంటాయి. ప్రతి ముక్క పక్కనా ఆవగింజంత అంకె ఉంటుంది. ఆ అంకె చూసి ముక్కను కత్తిరించుకుని, దాని జంటలోకి నొక్కితే టక్కున కూర్చుంటుంది. జిగురు అక్కర్లేదు, స్క్రూలు అక్కర్లేదు. కుడిచెయ్యి ముక్క కోసం వెతుకుతుంటే అంకె ఆరో ఎనిమిదో తెలియలేదు. దూరం పెట్టి చూశాను, దగ్గర పెట్టి చూశాను. నలభై దాటితే చత్వారం రాక మానదు, అందరికీ వచ్చేదే. అయినా నా గుండెల్లో రాయి పడింది. బొమ్మ మీద అంకె కనబడకపోతే ఇంత కంగారేమిటని మా ఆయన నవ్వాడు. ఆయనకేం, నవ్వుతాడు! పైడమ్మ సిస్టర్ దగ్గర పనిచేసినవాళ్లెవరూ నవ్వరు.

పైడమ్మ సిస్టర్ విజయనగరంలో మేము పనిచేసిన చిన్నపిల్లల ఆసుపత్రిలో అందరికన్నా పెద్ద నర్సు. పొట్టి మనిషి. జుట్టు లాగి కట్టిన ముడి ఎంత పనిలోనూ జారేది కాదు. సెలవు రోజున పొందూరు ఖద్దరు చీర తప్ప మరొకటి కట్టేది కాదు. నెలల పిల్లలకి సెలైన్ ఎక్కించాలంటే నరం దొరకడం ఎంత కష్టమో చూడనివాళ్లకి చెప్పినా అర్థం కాదు. దారప్పోగంత ఉంటుంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటుంది, తల్లి అంతకన్నా ఎక్కువ ఏడుస్తుంటుంది, ఇంతలో ఆ ఉన్న నరం కాస్తా ఎక్కడికో దాక్కుంటుంది. అలాంటప్పుడు డాక్టరు గారే "పైడమ్మని పిలవండి" అనేవారు. ఆవిడ వచ్చేది, పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుని చూపుడువేలితో నెమ్మదిగా తడిమేది, సూది వెళ్లిపోయేది. ఆవిడ హస్తవాసి మంచిదని సాలూరు నుంచి, బొబ్బిలి నుంచి బస్సులు మారి వచ్చేవారు. ఆసుపత్రి పేరు తెలియకపోయినా ఆవిడ పేరు చెప్పి ఆటో ఎక్కేవారు.

నేను అక్కడ చేరేనాటికి నాకు ముప్ఫై. అంతకుముందు శ్రీకాకుళంలో పెద్దవాళ్ల వార్డులో చేశాను. పెద్దవాళ్ల నరాలు తాళ్లలా ఉంటాయి, కళ్లు మూసుకుని వేసేదాన్ని. ఆ ధీమాతో వచ్చి మొదటిరోజే ఒక పసివాడి చేతి మీద రెండుసార్లు తప్పాను. మూడో సూది తీయబోతుంటే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఏటే, సెయ్యి అలగ ఒణికిపోతన్నాది? సలేస్తందేటి?"

"బయమేస్తంది సిస్టర్," అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"బయం ఉండాలే. బయం నేనోల్లు పిల్లల వార్డులో ఉండకూడదు. కానీ దాన్ని గుండెలోనే ఉంచు, ఏల్లలోకి దించకు. ఇక్కడ రెండే సూదులు. మూడోది నీది కాదు. రెండు తప్పితే సెయ్యి మార్సీ, పక్కోల్లకి ఇచ్చీ. సిగ్గుపడకు."

ఆ వార్డులో అదే చట్టం. రెండు తప్పితే చెయ్యి మారాలి. డాక్టరు గారైనా సరే, రెండు తప్పితే సూది కింద పెట్టి పక్కకి జరగాల్సిందే. ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదు. మూడోసారి ఎత్తే చెయ్యి పిల్ల కోసం ఎత్తదు, తన పరువు కోసం ఎత్తుతుంది అనేది ఆవిడ.

రోబోల పిచ్చి ఆవిడకి ఎలా పట్టిందో అప్పటికే వార్డులో అందరూ కథలా చెప్పుకునేవారు. విషజ్వరంతో చేరిన ఒక అమ్మాయికి వాళ్ల బాబాయి రోబో కిట్టు కొనిచ్చాడట. ఆ ముక్కలు పెట్టడం ఆ పిల్లకి చేతకాలేదు, బాబాయికీ చేతకాలేదు. పైడమ్మ సిస్టర్ డ్యూటీ అయ్యాక మంచం పక్కన కూర్చుని గంటలో చేసి ఇచ్చిందట. ఆ తర్వాత తనే తెప్పించుకోవడం మొదలుపెట్టింది. ఇంటికి తెప్పిస్తే "మనవలు ఆడుకునే వయసులో నీకు బొమ్మలేటి" అని వాళ్లాయన వేళాకోళం చేస్తాడని పార్సిళ్లన్నీ ఆసుపత్రికే వచ్చేవి. వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచే "సిస్టరమ్మా, మీ గుంటడొచ్చీసినాడు!" అని అరిచేవాడు. కొడుకే వచ్చినంత సంబరంగా, సిగ్గుపడుతూనే ఆవిడ పరుగెత్తేది.

నేను చేరిన వారానికే ఒక కిట్టు నా ముందు పెట్టింది. భోజనాల వేళ, నర్సుల గదిలో. "తెరువు" అంది. నాకు ఒళ్లు మండింది. వచ్చింది పని నేర్చుకోవడానికా, బొమ్మలాడుకోవడానికా? అయినా నోరెత్తే ధైర్యం ఎక్కడిది! ముక్క కత్తిరించి నొక్కాను. కూర్చోలేదు. గట్టిగా నొక్కాను. మెడ దగ్గరి సన్నటి పుల్ల పుటుక్కున విరిగింది. 

"ఓలమ్మా, ఈడి పీక విరిసీసినావు కదే!" అని పకపకా నవ్వింది. "బలం పెట్టకు. అది ఎక్కడ కూకోవాలో దానికి తెలుసు. నువ్వు తిన్నగా దారి సూపించు, అంతే. టక్కుమన్నాక ఇంక నొక్కకు. టక్కుమన్న సోట ఆగనోల్లే పిల్లల నరం సించీస్తారు."

నరంలోకి సూది దిగినప్పుడు వేలికి చిన్నగా, ఏదో తెర దాటినట్టు తెలుస్తుంది. పెద్దవాళ్లలో అది పట్టించుకోకపోయినా నడిచిపోతుంది. పసివాళ్లలో ఆ క్షణంలో ఆగకపోతే రెండోవైపు చీల్చుకుని పోతుంది. ఆగడం నాకు ఆ బొమ్మల మీదే వచ్చింది. మూడు నెలల్లో ఏడు రోబోలు చేశాను. ఏడోది చేసేసరికి చెయ్యి నా మాట వినడం మొదలుపెట్టింది. భయం మాత్రం గుండెలోనే ఉంది. ఈనాటికీ డ్యూటీ ఎక్కేముందు నా అరికాళ్లకు చెమట పడుతుంది.

ఆవిడ నెలకొకటి చేసేది. ఎప్పుడూ అదే గుండ్రటి తల రోబో, రంగు మాత్రం మారేది. నర్సుల గది కిటికీలో వరసగా నిలబెట్టేది. బజారులో ఇన్ని రకాలుంటే ఎప్పుడూ ఇదేనా అని ఒకసారి అడిగాను.

"వేరేది సేస్తే నాకెలగ తెలుస్తాది?" అంది.

"ఏటి తెలవాలి సిస్టర్?"

"టీ సల్లారిపోతన్నాది, తాగు."

అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి నాలుగేళ్లు పట్టింది. ఒక నెల ఆవిడ చేసిన నీలం రోబోను కిటికీలోంచి తీసి దుమ్ము తుడుస్తున్నాను. జిగురు వాసన. మొదట నా చేతులే వాసన చూసుకున్నాను. తర్వాత బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. భుజం దగ్గర తగిలించే పుల్ల విరిగితే, దాన్ని జిగురుతో అతికించింది. ఆ జిగురు కూడా పక్కకు కారి గడ్డకట్టింది. గోరంత బుడిపె మిగిలినా ఆకురాయితో రుద్ది రుద్ది నున్నగా చేసే మనిషి ఆవిడ.

"ఇదేటి సిస్టర్, దీనికి జిగురెట్టేరు?"

"ఇప్పుడొచ్చే ప్లాస్టిక్కు నాసిరకంగా ఉంటన్నాది," అంది. నా వైపు చూడలేదు.

తర్వాతి నెల బొమ్మకు రెండుచోట్ల జిగురు. ఆ పై నెల కిటికీలో కొత్త బొమ్మే లేదు. "కిట్టు రానేదే" అంది ఆవిడ. ఆ పార్సిలు సంతకం పెట్టి తీసుకుని ఆవిడ బీరువాలో పెట్టింది నేనే. ఆ బొమ్మలు ఆవిడకి సరదా మాత్రమే కాదని, వాటితో తన చేతిని తను నెలనెలా పరీక్ష చేసుకునేదని నాకు ఆ రోజు తెలిసింది. ఆ నెల పరీక్షకు కూర్చోలేకపోయిందనీ తెలిసింది.

అప్పటినుంచి నాకు నిద్రాహారాలు లేవు. ఆవిడ టీ గ్లాసు పట్టుకుంటే చూసేదాన్ని, పెన్ను పట్టుకుంటే చూసేదాన్ని. మందు చెంచాలోకి వంచే పని ఎప్పుడూ పక్కవాళ్లకి ఇచ్చేది. సూది వేసేటప్పుడు మోచెయ్యి మంచానికి ఆనించి నిలబడేది. ఇంతకుముందు అలా నిలబడేది కాదు. చిన్నపిల్లలొస్తే "నువ్వెయ్యే, నేను సూస్తాను" అని నాకే అప్పజెప్పేది. నేర్పిస్తోంది అనుకుని సంతోషించానా, లేదు. అబద్ధం ఎందుకు, నాకు తెలిసిపోయింది. చెబితే అన్నం పెట్టిన చెయ్యి నరికినట్టు. చెప్పకపోతే ఏ పసిదానికో ముప్పు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మిగిలిన నర్సులూ గమనించే ఉంటారు. కానీ పిల్లి మెడలో గంట ఎవరు కడతారు? డాక్టరు గారి గది గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. పైడితల్లమ్మకు కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాను. ఏం జరగాలని మొక్కుకున్నానో నాకే సరిగా తెలియదు.

ఆ తర్వాత వచ్చిన మంగళవారం పొద్దున్న పదకొండు గంటలప్పుడు సాలూరు వైపు నుంచి ఒక పాపను తెచ్చారు. నాలుగో నెల పిల్ల. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తోంది గానీ కన్నీరు రావడం లేదు. ఒంట్లో నీళ్లు ఇంకిపోయాయన్నమాట. డాక్టరు గారు పక్క వీధిలో కాన్పు దగ్గరున్నారు, వెంటనే సెలైన్ మొదలుపెట్టండి, వస్తున్నానని ఫోనులో చెప్పారు. నేను ట్రే అందుకున్నాను. పాప నాయనమ్మ నా చెయ్యి తోసేసింది.

"నువ్వొద్దమ్మా. మా గుంటని పైడమ్మ సిస్టరే ముట్టాల. మా ఇంట్లో పిల్లలందరికీ ఆ తల్లే సూదేసినాది, అందరూ బతికి బట్టకట్టీసినారు."

పైడమ్మ సిస్టర్ మొహం వెలిగింది. ఎన్ని వారాలయిందో ఆ మొహం అలా చూసి! నాకు ఆ వెలుగు చూసే భయమేసింది. పాప మణికట్టుకు దిష్టిపూసలున్నాయి. వాటిని ఆవిడ ఎప్పుడూ తను తెంచేది కాదు. "మామ్మా, నీ సేత్తోనే తియ్యి. నేను తీసీస్తే ఆ దిష్టి నాకు సుట్టుకుంటాది" అని నవ్వించింది. ముసలమ్మ నవ్వుతూ పూసలు విప్పింది. సిస్టర్ మోచెయ్యి ఆనించి సూది దించింది. తప్పింది. చర్మం కింద నీలంగా ఉబ్బింది. పాదం మీద చూసింది. చాలాసేపు చూసింది. దించింది. తప్పింది. పాప ఏడుపు సన్నబడుతోంది. ఏడుపు తగ్గుతుంటే పిల్ల ఊరుకుంటోంది అనుకుంది పాపం వాళ్లమ్మ, మాకు తెలుసు అది మంచి గుర్తు కాదని.

సిస్టర్ ట్రేలోంచి మూడో సూది తీసింది. కవరు అంచు ఒకసారికి చిరగలేదు, రెండోసారికి చిరిగింది. చుట్టూ ఉన్న నలుగురు నర్సులం ఆ కవరు వైపే చూస్తున్నాం. ఒక్కరి నోరు లేవలేదు. ఈసారి తగులుతుందేమో, ఆవిడ చెయ్యి అది, తగలకుండా ఉంటుందా అని మనసు ఎన్ని విధాలుగా బతిమాలిందో! ఆ బతిమాలడం వింటూ ఉంటే పాప పోయేది.

"రెండయ్యాయి సిస్టర్," అన్నాను. "సెయ్యి మార్సండి."

"ఏటన్నావు?"

"రెండయ్యాయి. సెయ్యి మార్సండి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నన్ను కొట్టినా బాగుండేది. ముసలమ్మ అందుకుంది, "మద్దిన ఈ పిల్ల ఎవుతె? నువ్వెయ్యి తల్లీ" అని. గది అంతా సిస్టర్ ఏమంటుందోనని చూస్తోంది. పైడమ్మ సిస్టర్ సూది నా ట్రేలో పెట్టింది. పెట్టి, అందరికీ వినబడేలా చెప్పింది.

"మామ్మా, నా సెయ్యి బాగోనేదు. ఈ పిల్ల సెయ్యి బాగున్నాది. ఈ పిల్లే ఏస్తాది."

నేను కొత్త సూది తీసుకున్నాను. మొదటిది తప్పాను. ఇంకొక్కటే నాది. సిస్టర్ మాట్లాడకుండా వచ్చి పాప అరచేతి కింద టార్చిలైటు పెట్టి పట్టుకుంది. ఆ వెలుగు కూడా వణుకుతోంది. "కళ్లతో ఎతక్కు," అంది చెవి దగ్గర. "ఏలితో ఎతుకు. తొందర నేదు." వేలితో వెతికాను. దించాను. తెర దాటినట్టు తెలిసింది. ఆగాను. గొట్టంలో ఎర్రగా కనబడింది. అట్టముక్క పెట్టి, పాప చెయ్యి కదలకుండా కట్టాను. సాయంత్రానికి పాప కంట్లో నీళ్లు తిరిగాయి. ఆ ఏడుపు చూసి మేమంతా నవ్వాం. సిస్టర్ ఆ గదిలో లేదు.

మర్నాడు ఆవిడే డాక్టరు గారి దగ్గరకు వెళ్లి తన చేతి సంగతి చెప్పేసింది. విశాఖపట్నంలో చూపిస్తే వణుకుడు జబ్బు మొదలైందన్నారు. అప్పటినుంచి ఆవిడ సూది ముట్టుకోలేదు. తల్లులకి పాలు పట్టడం, మందులు వెయ్యడం నేర్పించే బల్ల దగ్గర కూర్చునేది. నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదో రోజు మాట్లాడింది, అదీ గ్లవ్స్ డబ్బా ఎక్కడుందని. వార్డులో నా మీద గుసగుసలు. పని నేర్పిన గురువుకే ఎసరు పెట్టిందన్నారు. పెద్ద నర్సు కుర్చీ కోసమే చేసిందన్నారు. మిగిలిన ముగ్గురూ ఆ రోజు అక్కడే ఉన్నారు, అన్నీ చూశారు. అయినా అన్నారు. నాకు కోపం రాలేదు, బాధపడ్డాను. కుర్చీ నాకే వచ్చింది కదా మరి, ఏమని చెప్పుకోను?

ఆవిడ రిటైరయ్యాక ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. టీ గ్లాసులో సగమే పోసి తెచ్చింది. నిండా పోస్తే ఒలికిపోతుంది. చాలాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, కడుపులో దాచుకోలేక అడిగేశాను.

"ఆ రోజు నా మీద కోపం వచ్చిందా సిస్టర్?"

"రాకేటి? ఇప్పటికీ ఉన్నాది." నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. "మూడోది ఎత్తినప్పుడు నాకు తెలుసే, తగలదని. తెలిసే ఎత్తీసినాను. ఆ ముసల్ది నన్నే నమ్ముకుని వచ్చినాది గదా. నువ్వాపకపోతే నాలుగోది కూడా ఎత్తుదును."

నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ కొంగుతో నా మొహం తుడవబోయి, చెయ్యి సరిగ్గా ఆనక నా కంట్లో పొడిచింది. "ఏడుపెందుకే పిచ్చిమొకమా," అంది. "రేప్పొద్దున్న నిన్నెవులు ఆపుతారో అది సూసుకో ముందు."

రెండేళ్ల కిందట ఆవిడ పోయింది. ఆ మాట మాత్రం నన్ను వదలలేదు. ఇప్పుడు ఈ వార్డులో అందరికన్నా పెద్దదాన్ని నేనే. నా హస్తవాసి మంచిదని జనం అంటుంటే పొంగిపోను, లోపల కలుక్కుమంటుంది. నా కింద పనిచేసే పిల్లలు నేనంటే భయపడి చస్తారు. ఆ భయం నేనే పెట్టాను, పని బాగా రావాలని. అంత భయపడేవాళ్లు నాకు ఎదురు చెబుతారా? నలుగురిలో ఒక్కరైనా నోరు విప్పుతారా?

అందుకే, బొమ్మ మీద అంకె కనబడని మర్నాడు, సోమవారం పొద్దున్న డ్యూటీ ఎక్కగానే గౌరిని పిలిచాను. గౌరి కొత్తగా చేరిన నర్సు. పిలవగానే ఏం తప్పు చేశానోనని అరచేతులు కోటుకి తుడుచుకుంది.

"గౌరీ, ఇయ్యాల్టినుంచి నేను సూది వేసేటప్పుడల్లా నా పక్కన నిలబడాలి. నా మొహం చూడకు, నా చెయ్యి చూడు. తేడాగా ఉంటే చెప్పు. అందరి ముందే చెప్పు."

"మీకా మేడమ్? నేనా?"

"నువ్వే."

మొదటి పాపకు ఆర్నెల్లు. వెతికాను, దించాను, ఆగాను. ఒక్కసారికే వెళ్లింది. నిజంగా చెయ్యి బాగుందో, అదృష్టం బాగుందో నాకు తెలియలేదు.

"బాగున్నాది మేడమ్," అంది గౌరి, నేను అడక్కముందే.

తలెత్తి చూశాను. ఆ పిల్ల నా మొహం వైపే చూస్తోంది.

"రేపు కూడా నిలబడాలి నువ్వు," అన్నాను.